తల్లిరాయి జాడ

వరంగల్ పరిసరాల్లో నేలకు ఆధారంగా నిలిచినవి ముఖ్యంగా రెండు రకాల రాళ్లు. ఒకటి గ్రానైట్. కోటలోని ఏకశిల గుట్ట, హనుమకొండలోని పద్మాక్షి గుట్ట, మడికొండ మెట్టుగుట్ట అన్నీ ఆ రాయే. రెండోది డోలరైట్ అనే నల్లరాయి. ఇది గ్రానైట్‌ను కోసుకుంటూ సన్నగా, పొడవుగా, మైళ్ల కొద్దీ సాగే వరసలుగా పైకి కనిపిస్తుంది. ఈ వరసలనే భూగర్భ శాస్త్రంలో డైకులంటారు. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలోనూ, 1213 నాటి రామప్ప గుడిలోనూ అద్దంలా మెరిసే నల్లని స్తంభాలు ఈ రాతివే. క్వారీ వ్యాపారంలో దీన్ని కూడా బ్లాక్ గ్రానైట్ అనే అమ్ముతారు. కానీ పుట్టుకను బట్టి చూస్తే ఈ రెంటికీ చుట్టరికం లేదు. ఒకటి అప్పటికే ఉన్న భూపటలం కరిగి పుట్టింది, రెండోది దాని కిందనున్న మాంటిల్ నుంచి వచ్చింది. అదే ఈ అధ్యాయంలో నిరూపించదలచిన విషయం. ఆ నిరూపణకు రాయి రంగూ చాలదు, రసాయన విశ్లేషణా చాలదు. ఎంతో గొప్పగా చెప్పుకునే ఐసోటోపులు కూడా ఒంటరిగా చాలవు. రెండు రకాల సాక్ష్యాన్ని ఒకదానితో ఒకటి సరిచూసినప్పుడే తల్లిరాయి జాడ దొరుకుతుంది.

ముందుగా రాళ్లను దగ్గరగా చూద్దాం. కొత్తగా పగిలిన గ్రానైట్ ముక్కను ఎండలో తిప్పితే లేత గులాబీ లేదా బూడిదరంగు ఫెల్డ్‌స్పార్ పలకలు తళుక్కుమంటాయి. వాటి మధ్య గాజు పెంకుల్లా పలుగురాయి గింజలు, అక్కడక్కడ నల్లని అభ్రకం రేకులు ఉంటాయి. గింజలు ఇంత పెద్దగా పెరిగాయంటే కరిగిన రాయి లోతున చాలా నిదానంగా చల్లబడిందని అర్థం. కొన్నిచోట్ల ఈ లేత రాతిలో గుండ్రటి అంచులతో ముదురు మచ్చలు కనిపిస్తాయి. వాటి సంగతి తర్వాత అవసరపడుతుంది, గుర్తుంచుకోండి. డోలరైట్‌లో గింజలు చిన్నవి, ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. అంత నునుపు, అంత సన్నని చెక్కడం ఆ రాతికి సాధ్యమైంది అందుకే. తూకానికి డోలరైటే బరువు. ప్రయోగశాలలో విశ్లేషిస్తే గ్రానైట్‌లో సిలికా నూటికి 70 పైగా, డోలరైట్‌లో 50 దరిదాపుల్లో తేలుతుంది. ఇనుము, మెగ్నీషియం, కాల్షియం డోలరైట్‌లో ఎక్కువ. పొటాషియం, సోడియం గ్రానైట్‌లో ఎక్కువ.

ఈ తేడాలే పుట్టుకను చెప్పేస్తాయి కదా అనిపించవచ్చు. చెప్పవు. గ్రానైట్ పుట్టుక గురించి శాస్త్రజ్ఞులు రెండు శతాబ్దాలు వాదులాడుకున్నారంటే కారణం అదే. 18వ శతాబ్దంలో జర్మనీలో వెర్నర్ శిష్యులు గ్రానైట్ ఆదిసముద్రంలో పేరుకున్న మడ్డి అన్నారు. 1785లో జేమ్స్ హట్టన్ స్కాట్లాండ్‌లోని గ్లెన్ టిల్ట్ లోయలో, పాత రాళ్ల పగుళ్లలోకి గ్రానైట్ తీగల్లా పాకి ఉండటం చూపించి, అది ఒకప్పుడు ద్రవమేనని రుజువు చేశాడు. ద్రవమే సరే, దేని ద్రవం? 1928లో నార్మన్ బోవెన్ తన గ్రంథంలో ఒక దారి చూపాడు: డోలరైట్ జాతికే చెందిన బసాల్ట్ ద్రవం చల్లబడుతున్నకొద్దీ ఇనుము, మెగ్నీషియం ఉన్న ఖనిజాలు ముందుగా గడ్డకట్టి అడుగుకు చేరతాయి, చివరికి మిగిలే ద్రవంలో సిలికా పెరిగి గ్రానైట్ అవుతుంది. మరికొందరు, అప్పటికే ఉన్న భూపటలం వేడెక్కి పాక్షికంగా కరిగినా అదే గ్రానైట్ వస్తుందన్నారు. ప్రయోగాల్లో రెండూ నిజమే. రెండు దారులూ ఒకే గమ్యానికి చేరినప్పుడు, గమ్యాన్ని ఎంత నిశితంగా పరీక్షించినా వచ్చిన దారి తెలియదు.

బోవెన్ దారికి ఒక పెద్ద చిక్కుంది. బసాల్ట్ ద్రవంలో చివరికి గ్రానైట్‌గా మిగిలేది పదో వంతుకు మించదు. తెలంగాణలో గ్రానైట్లు, వాటి జాతి రాళ్లు జిల్లాలకు జిల్లాలు పరుచుకున్నాయి. వాటన్నిటికీ తొమ్మిది పది రెట్లు నల్లని మడ్డిరాయి ఎక్కడో ఉండాలి. పైన అది కనబడదు. అయితే ఈ లెక్కతోనే తీర్పు చెప్పేస్తే తొందరపాటవుతుంది. బరువైన ఆ మడ్డి భూపటలం అడుగు నుంచి ఊడి మాంటిల్‌లోకి మునిగిపోయి ఉండవచ్చని ఎదుటి పక్షం వాదిస్తుంది. ఆ వాదన అసాధ్యమేమీ కాదు. కనబడని రాయి లేదని ఎవరూ రుజువు చేయలేరు. కాబట్టి కరగడం, గడ్డకట్టడం వంటి ప్రక్రియలు తాకలేని గుర్తు ఏదైనా రాతిలో ఉండాలి.

ఆ గుర్తే ఐసోటోపుల నిష్పత్తి. స్ట్రాన్షియం-87, స్ట్రాన్షియం-86 రెండూ ఒకే మూలకం. రసాయన స్వభావంలో తేడా లేదు, పరమాణువు బరువులోనే కొద్ది తేడా. ఏ ఖనిజమైనా ఏరి ఒకదాన్ని తీసుకుని ఇంకోదాన్ని వదిలేయదు. బియ్యం బస్తాలో నల్లగింజలు నూటికి ఏడు కలిసి ఉంటే, గుప్పెడు తీసినా మానెడు తీసినా ఆ పాళ్లు మారవు. రాయి కొంత కరిగినా, పూర్తిగా కరిగినా ఈ నిష్పత్తి కూడా అంతే. మరి మార్చగలిగేది ఏమిటంటే, కాలం ఒక్కటే. రుబీడియం-87 అనే రేడియోధార్మిక పరమాణువు నెమ్మదిగా స్ట్రాన్షియం-87గా మారుతుంది. దాని అర్ధాయువు 5,000 కోట్ల ఏళ్లకు కొంచెం తక్కువ; భూమి వయసు 454 కోట్ల ఏళ్లే. రుబీడియం స్వభావం పొటాషియంలాంటిది, ద్రవంలో చేరి పైకి పోతుంది. అందుకే భూపటలంలో రుబీడియం పేరుకుంది, మాంటిల్‌లో తరిగింది. కోట్ల ఏళ్లు గడిచేకొద్దీ భూపటలపు నిష్పత్తి గబగబా, మాంటిల్ నిష్పత్తి బహు నిదానంగా పెరుగుతాయి. ఈ తేడాను ఖండాల పుట్టుకకు అన్వయించవచ్చని 1962లో అమెరికాలో పాట్రిక్ హర్లీ బృందం చూపించింది. గ్రానైట్ వివాదం వాదన నుంచి కొలతకు మళ్లడంలో ఆ పనిది పెద్ద పాత్ర అని నా అంచనా.

కొలవడం మాత్రం తేలిక కాదు. రాతిని పిండి చేసి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కరిగించి, రెజిన్ నింపిన సన్నని గొట్టాల గుండా పంపి రుబీడియాన్ని, స్ట్రాన్షియాన్ని విడదీయాలి. విడదీయకపోతే మాస్ స్పెక్ట్రోమీటర్ మోసపోతుంది, ఎందుకంటే రుబీడియం-87, స్ట్రాన్షియం-87 రెండింటి బరువూ దాదాపు ఒకటే. మనకు కావలసిన తేడా మూడో దశాంశ స్థానంలోనో, నాలుగో స్థానంలోనో ఉంటుంది.

ఈ గుర్తు ఎంత దూరం నిలబడుతుందో తెలుసుకోవడానికి తెలుగు నేల మీదే మంచి ఉదాహరణ ఉంది. రాజమండ్రి దగ్గర కాటేరు, గోదావరి అవతలి ఒడ్డున పంగిడి ప్రాంతాల్లో 6.6 కోట్ల ఏళ్ల నాటి బసాల్ట్ పొరలున్నాయి. ఇవి అక్కడే బద్దలైన లావానా, లేక పడమటి కనుమల్లోని దక్కన్ లావానా? పడమటి కనుమల్లో పొరలకు వేటి గుర్తు వాటికుంది. బుషే అనే పొరల్లో స్ట్రాన్షియం నిష్పత్తి 0.713 దాటుతుంది, అంటే ఆ లావా పైకి వస్తూ భూపటలాన్ని బాగా కలుపుకుంది. అంబెనలి పొరల్లో అది 0.704 చుట్టూ ఉంటుంది, అంటే దాదాపు కల్తీలేని మాంటిల్ ద్రవం. రాజమండ్రి రాళ్లలో అతి కొద్దిగా ఉండే స్వల్పమూలకాలు, ఐసోటోపులు కనుమల్లోని పైపొరలైన అంబెనలి, మహాబలేశ్వర్ లావాలతో సరిపోయాయి. ఒకేలాంటి మాంటిల్ రెండుచోట్ల కరిగితే ఒకేలాంటి లావా రాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే వరసలో ఏ పొర మీద ఏది ఉందో, ఆనాటి అయస్కాంత దిశ ఎటుందో, వయసు ఎంతో అన్నీ కలిసి సరిపోయాయి. సుమారు వెయ్యి కిలోమీటర్లు పారిన ఈ లావాలు భూమి మీద తెలిసినవాటిలో అతి పొడవైనవి కావచ్చని 2008లో స్టీఫెన్ సెల్ఫ్ బృందం ప్రకటించింది.

6.6 కోట్ల ఏళ్ల రాతికి పనిచేసిన పద్ధతి 250 కోట్ల ఏళ్ల రాతికి పనిచేస్తుందా? అసలు అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. అంత కాలంలో వేడినీళ్లు రాతిలోకి ఇంకి ఉంటాయి, వాతావరణం ఫెల్డ్‌స్పార్‌ను మట్టి చేసి ఉంటుంది, రుబీడియం కొంత కొట్టుకుపోయి ఉంటుంది. లెక్క వేసి చూస్తే ప్రమాదం ఎంతో తెలుస్తుంది. రుబీడియం, స్ట్రాన్షియం సమానంగా ఉన్న గ్రానైట్ 0.702 నిష్పత్తితో పుట్టిందనుకుందాం. 250 కోట్ల ఏళ్లలో దానికి 0.103 చేరుతుంది, ఈనాడు కొలిస్తే 0.805 వస్తుంది. పుట్టినప్పటి విలువ కావాలంటే ఆ 0.103 తీసివేయాలి. రుబీడియం నూటికి రెండు వంతులు అటూ ఇటూ అయినా తీసివేతలో 0.002 తప్పు వస్తుంది. భూపటలమా, మాంటిలా అని తేల్చే తేడాయే అంత! అందుచేత రుబీడియం ఎక్కువున్న పాత గ్రానైట్లలో స్ట్రాన్షియం ఒక్కదాన్నే నమ్మి చెప్పిన తీర్పులను అనుమానంతో చూడటమే సబబు. దీనికి మందు రెండు రకాలు. ఒకటి, క్వారీ గోడలో లోతుగా, కొత్తగా తెరిచిన రాతిని తీసుకోవడం. రెండోది, సమారియం-147 నుంచి నియోడిమియం-143 పుట్టే జంటను వాడటం. దాని అర్ధాయువు 10,600 కోట్ల ఏళ్లు. ఆ రెండు మూలకాలూ అన్నదమ్ముల్లాంటివి, నీళ్లకు సులభంగా కదలవు, కదిలినా కలిసే కదులుతాయి.

దీనికన్నా లోతైన అభ్యంతరం ఇంకొకటుంది. చాలా పుస్తకాలు దాన్ని దాటేస్తాయి కానీ, వరంగల్ గ్రానైట్‌కు అదే ప్రాణం. ఐసోటోపులు చోటును చెప్పవు, కాలాన్ని చెబుతాయి. నిష్పత్తి పెరగాలంటే తల్లిరాయి భూపటలంలో చాలాకాలం కూర్చుని ఉండాలి. 250 కోట్ల ఏళ్ల కిందట మాంటిల్ నిష్పత్తి సుమారు 0.7015. స్ట్రాన్షియంలో నాలుగో వంతు రుబీడియం ఉన్న భూపటలం 330 కోట్ల ఏళ్ల కిందట ఏర్పడి, 80 కోట్ల ఏళ్లు ఆగి కరిగితే, దాని ద్రవం 0.709 దగ్గర ఉంటుంది. గుర్తుపట్టడం సులువే. అదే భూపటలం 270 కోట్ల ఏళ్ల కిందట ఏర్పడి 20 కోట్ల ఏళ్లకే కరిగితే 0.7033 మాత్రమే వస్తుంది. నియోడిమియంలోనూ అంతే. పదివేలలో వంతులుగా చెప్పే ఆ కొలమానంలో అప్పటి మాంటిల్ +2, +3 దగ్గర ఉండగా, పాత భూపటలపు ద్రవం –7 వరకు దిగుతుంది, లేత భూపటలపు ద్రవం సున్నా దగ్గరే ఆగుతుంది. ఆ సున్నాను చూసి మాంటిల్ నుంచి నేరుగా వచ్చిందనేస్తే తప్పు, పాత రాయి కలవలేదు కాబట్టి భూపటలం ప్రమేయమే లేదనేస్తే ఇంకా పెద్ద తప్పు.

ఇది ఊహాజనితమైన చిక్కు కాదు. వరంగల్ నేల తూర్పు ధార్వార్ అనే ప్రాచీన భూఖండ భాగంలోది. పడమటి ధార్వార్‌లో 300 కోట్ల ఏళ్లు దాటిన రాళ్లు విస్తారంగా ఉన్నాయి, తూర్పున గ్రానైట్ల వయసు ఎక్కువగా 270–250 కోట్ల ఏళ్ల మధ్యే. ఈ తేడా ఎంత పదునుగా ఉంటుందో కోలారు బంగారు గనుల దగ్గర బయటపడింది. బంగారం దొరికిన ఆ కోలారు రాళ్ల పట్టీకి పడమటి పక్క, నైస్ అనే చారల రాళ్లలో 320 కోట్ల ఏళ్లు దాటిన పాత భూపటలం జాడలు దొరికాయి. తూర్పు పక్క రాళ్ల వయసు సుమారు 253 కోట్ల ఏళ్లు, వాటిలో అంతకన్నా పాత పునాది జాడే లేదు. 1989 నాటికి క్రాగ్‌స్టాడ్, హాన్సన్, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన వి. రాజమణి ఈ సంగతి తేల్చారు. కంటికి రెండు వైపులా ఉన్నది ఒకే బూడిదరంగు రాయి. కొద్ది కిలోమీటర్ల వెడల్పున్న పట్టీకి అటూ ఇటూ చరిత్రలు మాత్రం వేరు.

వాళ్లకు సాక్ష్యమిచ్చిన ఖనిజం జిర్కాన్. గ్రానైట్‌లో ఇది మిల్లీమీటరులో పదో వంతుండే చిన్న స్ఫటికం, ఇసుక రేణువుకన్నా సన్నం. ఏర్పడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి తర్వాత అందులో దొరికే సీసమంతా యురేనియం నుంచి పుట్టిందే. పైగా యురేనియం-238, యురేనియం-235 అని రెండు గడియారాలు ఒకే స్ఫటికంలో నడుస్తాయి. వాటి అర్ధాయువులు 447 కోట్ల ఏళ్లు, 70 కోట్ల ఏళ్లు. రెండూ ఒకే కాలం చూపితే స్ఫటికం చెక్కుచెదరలేదని నమ్మవచ్చు. స్ఫటికాన్ని సగానికి అరగదీసి ఎలక్ట్రాన్ పుంజం కింద పెడితే లోపల పొరలు పొరలుగా వెలుగుతుంది. కొన్నిటిలో నడుమ అరిగిపోయిన పాత గర్భం, దాని చుట్టూ కొత్త పొరలు కనిపిస్తాయి. ఆ గర్భం కరిగిన తల్లిరాయి నుంచి మిగిలిన ముక్క. దాని వయసే తల్లి వయసు. పాత గర్భం దొరికితే పాత భూపటలం కరిగిందన్నది ఖాయం. దొరక్కపోతే మాత్రం కరగలేదని చెప్పలేం, బాగా వేడిగా ఉన్న ద్రవం జిర్కాన్‌ను పూర్తిగా మింగేయగలదు.

ఐసోటోపులు తడబడే ఆ ఘట్టంలో స్వల్పమూలకాలు ఆదుకుంటాయి. మాంటిల్ శిల నేరుగా కరిగితే బసాల్టో, మహా అయితే మెగ్నీషియం ఎక్కువున్న మధ్యరకం ద్రవమో వస్తుంది. 70 శాతం సిలికా రానే రాదు. నీటిని పీల్చుకున్న బసాల్ట్ లోతున కరిగితే సోడియం ఎక్కువున్న లేత ద్రవం వస్తుంది. అడుగున గార్నెట్ మిగిలిపోతే అది ఇటర్బియం వంటి బరువైన విరళమృత్తిక మూలకాలను పట్టి ఉంచుకుంటుంది, ద్రవంలో అవి తగ్గిపోతాయి. ఆ మొదటి తరం రాయే మరికొంత పైన, తక్కువ పీడనంలో మళ్లీ కరిగితే ప్లాజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్ అడుగున మిగిలి యూరోపియాన్ని ఆపేస్తుంది. పొటాషియం హెచ్చి, విరళమృత్తికల గ్రాఫులో యూరోపియం దగ్గర గుంట పడిన గ్రానైట్ పుడుతుంది. తూర్పు ధార్వార్‌లో ముందుతరం సోడియం రాళ్లు, వాటిని చీల్చుకుని వచ్చిన యూరోపియం గుంటతో ఉన్న పొటాషియం గ్రానైట్లు రెండూ ఉన్నాయి. వీటి నియోడిమియం విలువలు కొన్నిచోట్ల సున్నాకు పైన, కొన్నిచోట్ల కింద పడతాయి. రసాయనం భూపటలం కరిగిందంటోంది. ఐసోటోపులు ఆ భూపటలం చాలామటుకు లేతదే, అక్కడక్కడ పాతది కలిసిందంటున్నాయి. ఈ రెండు మాటలకూ వైరం లేదు, ఒకటి ప్రక్రియను చెబుతుంది, రెండోది కాలాన్ని.

మరి కరిగించిన వేడి ఎక్కడిది? మొదట గుర్తుంచుకోమన్న ముదురు మచ్చలు ఇక్కడ పనికొస్తాయి. గుండ్రటి అంచులు ఆ ముదురు పదార్థం కూడా అప్పుడు ద్రవంగానే ఉందని చెబుతాయి. గట్టిరాయి విరిగి పడి ఉంటే అంచులు కోణాలుగా ఉండేవి. గ్రానైట్ ద్రవంలోకి అంతకన్నా వేడిగా ఉన్న మాంటిల్ ద్రవం చొరబడి, కలవలేక ముద్దలు కట్టిందన్నమాట. అదే కాలంలో మాంటిల్ నుంచి వచ్చిన, మెగ్నీషియం ఎక్కువున్న శిలలు తూర్పు ధార్వార్‌లో పలుచోట్ల ఉన్నాయి. కాబట్టి ఓరుగల్లు గ్రానైట్‌కు పదార్థం ఎక్కువగా భూపటలానిది, వేడి మాంటిల్‌ది.

నల్లరాయి సంగతికొస్తే, 50 శాతం సిలికా, మెగ్నీషియం, ఇనుము ఉన్న ఆ ద్రవం భూపటలంలోని గ్రానైట్ జాతి రాళ్లు కరిగితే రాదు, మాంటిల్ కరగాల్సిందే. అయినా ఖండాల డైకులు చాలావాటిలో నియోబియం లోటు వంటి భూపటలపు లక్షణాలు కనిపిస్తాయి. మాంటిల్ బిడ్డే అయితే అవి ఎలా వచ్చాయి? పైకి వచ్చే దారిలో గోడలను కరిగించుకుని ఉండవచ్చు, లేదా ఖండం కింద అంటుకున్న మాంటిల్‌లోనే పూర్వం ఆ లక్షణాలు చేరి ఉండవచ్చు. విడదీసే పరీక్ష సరళమైనదే: దారిలో కల్తీ అయితే సిలికా పెరిగేకొద్దీ నియోడిమియం విలువ దిగాలి, మూలంలోనే ఉంటే సిలికాతో సంబంధం లేకుండా అన్ని నమూనాలూ ఒకే విలువ దగ్గర గుమిగూడాలి. ఏది తేలినా తల్లి మాంటిలే, ఎంత కలిసిందన్నదే ప్రశ్న. వయసుకు జిర్కాన్ బదులు బడ్డెలీయైట్ అనే స్ఫటికం వాడతారు. అది సిలికా తక్కువున్న ద్రవంలోనే పెరుగుతుంది, గోడరాళ్ల నుంచి అరువుగా వచ్చే అవకాశం లేదు. బెంగళూరు నుంచి కరీంనగర్ దాకా ధార్వార్‌ను చీల్చిన ఒక డైకుల సమూహం వయసు ఇలాగే 237 కోట్ల ఏళ్లుగా తేలింది. హైదరాబాద్ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన అనిల్ కుమార్, హామిల్టన్, హాల్స్‌తో కలిసి, ఆ డైకులు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటాయని 2012లో చూపించాడు. మహబూబ్‌నగర్ వైపు డైకులు 218 కోట్ల ఏళ్లవి. అంటే నల్లరాళ్లన్నీ కూడా ఒక కాన్పువి కావు.

ఈ తీర్పులన్నీ ఒక్క షరతు మీద నిలబడతాయి: పరీక్షించిన ముక్క ఎక్కడిదో, ఏ రాయి దేన్ని కోసిందో కచ్చితంగా తెలిసి ఉండాలి. లోతైన తాజా రాయి క్వారీల వల్లే దొరుకుతుంది, ఆ మేరకు శాస్త్రం వాటికి రుణపడింది. కానీ గ్రానైట్, డోలరైట్ తాకే అంచు, ముదురు మచ్చల గోడ కంకరగా మారిపోతే ఏ మాస్ స్పెక్ట్రోమీటరూ వాటిని తిరిగి నిలబెట్టలేదు. వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో క్వారీకి అనుమతిచ్చేటప్పుడు ఆ గోడల ఫొటోలు తీయించి, అక్షాంశ రేఖాంశాలు రాసిన పిడికెడు ముక్కలను విశ్వవిద్యాలయాల భూగర్భ శాస్త్ర విభాగాలకు అప్పగించాలన్న నిబంధన పెట్టాలి. దానికయ్యే ఖర్చు ఒక లారీ రాయి ధరలో కూడా లెక్కలోకి రాదు.